నోటికి వచ్చింది సరే... కంటికి వచ్చిందా?

"మా బాబుకి అఆలన్నీ వచ్చేశాయండీ! అ నుంచి బండి ఱ దాకా గడగడా చెప్పేస్తాడు" అని మురిసిపోయే తల్లులు ఎందరో. మురిసిపోవాల్సిందే! అయితే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. పలక మీద 'మ' ఒక్కటే రాసి ఇదేమిటని అడగండి. వాడు "ప, ఫ, బ, భ..." అంటూ అందుకుని 'మ' దగ్గర ఆగితే, వాడికి వచ్చింది పాట. అక్షరం ఇంకా రాలేదన్నమాట.

ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు. వల్లె వేయడానికి చెవి, నోరు చాలు. చదవాలంటే కంటికి కనబడిన గీతకీ చెవికి తెలిసిన శబ్దానికీ ముడి పడాలి. ఈ తేడా తెలియక "నిన్న చెప్పావుగా, ఇవాళ మర్చిపోయావా మొద్దూ!" అని నెత్తిన మొట్టేవాళ్లున్నారు. నాలుగు మొట్టికాయలు పడితే వాడికి పలకంటేనే భయం పట్టుకుంటుంది. ఆ భయం ఒకపట్టాన వదలదు.

ముందు చెవికి ఆట

పలక పట్టించేముందు కొన్నాళ్లు మాటలతో ఆడించండి. మీరు వంటింట్లో కూరలు తరుగుతూనే ఈ ఆట ఆడొచ్చు. "'ప'తో మొదలయ్యేవి చెప్పు చూద్దాం" అనండి. పప్పు, పసుపు, పకోడీ అంటాడు. "పాలు" అంటే కాదనకండి. "అది 'పా' కదూ, కాస్త సాగింది" అని రెండూ పలికి వినిపించండి. గుణింతానికి ఇదే పునాది. రేపు "పకు దీర్ఘమిస్తే పా" అన్నప్పుడు వాడికి కొత్తగా ఉండదు.

ఆరు అక్షరాలు చాలు

యాభై ఆరు అక్షరాలూ అయ్యేదాకా మాటలు నేర్పకూడదని ఎక్కడా లేదు. ప, ల, క, త, డ, వ - ఈ ఆరూ వస్తే చాలు. పలక, తల, కల, వల, వడ, కడవ, పడవ, తడక... ఎనిమిది మాటలు చదివేస్తాడు! "నేను చదివాను" అన్న సంబరమే వాడిని మిగతా అక్షరాల దగ్గరికి లాక్కుపోతుంది. ఖ, ఘ, ఝ లాంటివి పిల్లల మాటల్లో తక్కువ. వాటిని తర్వాత నేర్పినా మునిగిపోయేదేమీ లేదు.

ప-వ, డ-ద, బ-భ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. అలాంటి జంటల్ని ఒకేరోజు చెప్పకండి. ఒకటి బాగా కుదిరాకే రెండోది.

ఇంకో సంగతి. 'అ' పక్కన అమ్మ బొమ్మ చూసి "అమ్మ" అనగానే చదివాడనుకోకండి. వాడు చదివింది బొమ్మని. అమ్మ, అన్న, అత్త... ఇంట్లో రోజూ పిలిచే పిలుపులే అయినా వీటిలో వత్తులున్నాయి. ఆ వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు. అవి గుణింతాలు వచ్చాక చెప్పాలి.

ఖర్చు లేని సామాను

పాత శుభలేఖల వెనక తెల్లగా ఉంటుంది కదా! వాటిని ముక్కలుగా కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం పెద్దదిగా రాయండి. కలిపేసి తీయమనండి. వరస తప్పితేనే అసలు చదువు బయటపడుతుంది. పళ్లెంలో పల్చగా బియ్యం పరిచి, శబ్దం పలుకుతూ వేలితో దిద్దించండి. రోజుకి పది నిమిషాలు చాలు. విసుగు పుట్టకముందే ఆపేయండి.

ఇంగ్లీషు సంగతి

మన 'క' పేరూ క, శబ్దమూ క. ఇంగ్లీషులో అలా కాదు. 26 అక్షరాలతో దాదాపు 44 శబ్దాలు పలకాలి. 'సి' అనే అక్షరం క్యాట్‌లో 'క్', సిటీలో 'స్'. అందుకే 'బి, ఎ, టి' అని పేర్లు వల్లిస్తే 'బ్యాట్' ఎలా అయ్యిందో పసివాడికి అర్థం కాదు. పేర్లతోపాటు శబ్దాలూ చెప్పండి. ఇక్కడ మన పొల్లు అక్షరాలు అక్కరకొస్తాయి. 'బ', 'ట' అనకుండా 'బ్', 'ట్' అని పొడిగా పలికించండి. ఇంగ్లీషు చదువుకోని తల్లి అయినా ఈపాటి శబ్దాలు నేర్చుకుని చెప్పగలదు.

అక్షరాలు తిరగేసి రాస్తే కంగారు పడకండి. ఆరేడేళ్లదాకా అది మామూలే. కానీ పిలిస్తే పలక్కపోయినా, ప్రతిదానికీ "ఏంటీ?" అంటున్నా, పుస్తకం ముక్కుకి ఆనించుకుని చూస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. వినపడక, కనపడక వెనకబడిన పిల్లలు మొద్దులన్న పేరు మోయకూడదు.

అన్నట్టు, 'వడ' అని సొంతంగా చదివిన సాయంత్రం వడలు వేసిపెట్టడం మరిచిపోకండి. ఆ మాట వాడు జన్మలో మర్చిపోడు!