నెల్లూరు జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుల వారికి



ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ మైపాడు మొదలు తూపిలిపాళెం దాకా బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి, అందులో చాలా రోజులు పిల్లలకూ బడి సెలవులే. తండ్రి తెగిన వల బాగుచేస్తుంటే, పక్కన మూడో తరగతి పిల్ల బజ్జీల పొట్లం కాగితం విప్పి కూడబలుక్కుంటూ ఉంటుంది. ఆ చేతికి పుస్తకం అందాలి.

వేసవి శిబిరాలు గ్రంథాలయాలకు కొత్త కాదు. ఈసారి వాటిని మా జాలరి ఊళ్లకు, ఈ పట్టపుపాళేలకే తీసుకురండి. ఓ పుస్తకాల పెట్టె, కథ చెప్పే మనిషి, సాయంత్రం రెండు గంటలు చాలు. పెద్దలకు నిషేధకాలపు భృతి కాగితాలు చదివి చెప్పేవాళ్లుంటే మరీ మేలు.

1935లోనే పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు ఊరూరా తిప్పారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మా ఊళ్లూ కడుతున్నాయి. నిషేధం మొదలయ్యేలోపే తేదీలు ప్రకటించండి.

ఇట్లు,
తీరప్రాంత పాఠకుడు