కిటికీకి ఇవతల

మామిడికాయ కోతలు అయిపోయి, తోటల్లో కావలి గుడిసెలు ఖాళీ అయ్యే రోజులకు మా రెడ్డిగూడెంలో ఇంకో సందడి మొదలవుతుంది. ఇంటరు పాసైన పిల్లలు కాగితాలు చేతబట్టుకు తిరుగుతారు. ముప్పయ్యేళ్ళు కాలేజీ ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టిన పాపానికి, వాళ్ళలో సగంమంది మా అరుగు మీదే తేల్తారు.

మొన్న సాయంత్రం దళితవాడ కుర్రాడొకడు వచ్చాడు. వాళ్ళ నాన్న తోటల్లో కాయ కోసే కూలీ.

"బెజవాడలో డిగ్రీ సీటొచ్చింది మాస్టారూ!" అన్నాడు. నేను మాస్టార్ని కాదు మొర్రో అంటే వినేదెవరు?

"వుండేదెక్కడరా?"

"రోజూ బస్సులో పోయొస్తానండి."

"ఎన్నాళ్ళు పోయొస్తావు?"

"పోయినన్నాళ్ళు."

ఆ జవాబు నేను మునుపు విన్నదే. వెనక ఫీజు కిటికీ దగ్గర నేను కూర్చునే రోజుల్లో, ఇలాంటి కుర్రాడే గడువు దాటిన మర్నాడు డబ్బు తెచ్చాడు. అన్నీ నలిగిన చిన్న నోట్లు. కూలి డబ్బులని చూస్తేనే తెలుస్తోంది. "నిన్ననే ఆఖరు తేదీ" అన్నాను. రూలు రూలే కదండీ! వాడు మారు మాట్లాడలేదు. దరఖాస్తు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రిజిస్టరులో వాడి పేరు మీద యెర్రసిరాతో గీత గీసింది నేనే. ప్రిన్సిపాలు గది పది అడుగుల దూరంలో వుంది. లేచి వెళ్ళి వొక మాట అడిగి వుంటే నా సొమ్మేం పోయేది?

రఘుపతి వెంకటరత్నంనాయుడుగారి పేరు మా నాన్న తరచు చెప్పేవాడు. 1862లో పుట్టింది బందరులో గనుక, ఆయన మా జిల్లావాడని వొక అతిశయం. కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ఆయన చాలా యేళ్ళు, 1919 దాకా, ప్రిన్సిపాలు. ఆడపిల్లల్ని మగపిల్లలతో పాటు క్లాసులో కూర్చోబెట్టాడు. అంటరానివాళ్ళని తోసేసిన కులాల పిల్లల్ని చేర్చుకున్నాడు. ఇదంతా నాకు చిన్నప్పుడే తెలుసు. అయితే ఆ యెర్రగీత తరవాతగాని దీని అసలు సంగతి నాకు తలకెక్కలేదు.

సీటివ్వడానికి సంతకం చాలు. కాని ఆ రోజుల్లో ఆ పిల్లవాడికి పట్నంలో అద్దెకు గది యెవరిస్తారు? యే పూటకూళ్ళింట్లో విస్తరి వేస్తారు? రాత్రి తల దాచుకునే చోటు లేనివాడు పగలు క్లాసులో యెన్నాళ్ళు కూర్చుంటాడు? అది కనిపెట్టాడు గనకనే నాయుడుగారు ఆ పిల్లలకు హాస్టలు పెట్టించాడు. అనాథలకు ఆశ్రమం పెట్టించాడు. పిఠాపురం రాజావారు డబ్బిచ్చారు. నాయుడుగారి జీతంలో పెద్ద భాగం బీద విద్యార్థుల పుస్తకాలకీ తిండికీ ఫీజులకీ పోయేది. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరయ్యాడు. సర్ బిరుదూ వచ్చింది. నాకు మాత్రం ఆ హాస్టలే పెద్దదిగా కనిపిస్తుంది.

అలాగని ఆయనలో అన్నీ నాకు నచ్చుతాయని కాదు. భోగం మేళాల మీద ఆయన పెట్టిన పోరు మంచి వుద్దేశంతోనే కావచ్చు. మరి ఆ ఆడవాళ్ళ బతుకుతెరువు మాటేమిటి? ఆయన నీతినియమాల ముందు కూర్చోవాలంటే నాబోటి పొడుం పీల్చేవాడికి కాస్త దడే.

"పోయినన్నాళ్ళు" అన్న మాట ఆ రాత్రి నన్ను నిద్ర పోనివ్వలేదు. మర్నాడు తెల్లవారకముందే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మైలవరం మీదుగా బెజవాడ బస్సెక్కాను. హాస్టలు ఆఫీసులో ఇప్పుడంతా కంప్యూటరు దరఖాస్తులే. కాని కిటికీ మాత్రం ఆ కిటికీయే. లోపల నా వయసులో సగం వున్న గుమాస్తా కాగితాలు తిరగేశాడు.

"ఆదాయం సర్టిఫికెట్టు పాతది. కొత్తది తేవాలి. గడువు యెల్లుండి దాకానే!"

కిటికీకి ఇవతల నిలబడడం నాకదే మొదలు. లోపల మనిషి ముఖం యిక్కణ్ణుంచి సరిగా కనబడదు, చెయ్యి మాత్రం కనబడుతుంది.

కుర్రాడు కాగితాలు తీసుకుని నాలుగు మడతలు పెట్టబోయాడు.

"మడవకురా" అన్నాను, చెయ్యి పట్టుకుని. "తహసీల్దారు ఆఫీసు మూసేలోగా వూరు చేరాలి. బస్సెన్నింటికో కనుక్కో!"