కొత్తనీట చేపపిల్లలు

నంద్యాలలో గొన్న రంగుచేపలు ఆళ్లగడ్డ చేరిన మరునాటి యుదయమునకే నాలుగు తేలిపోయినవనియు, పిల్లవాడు అన్నము ముట్టక యేడ్చుచున్నాడనియు నొక సోదరి మాకు దెలిపినది. అమ్మినవానిని నిందించుటకు ముందు నీటిని విచారింపవలయును. కొత్తకోడలికి అత్తవారింటి తీరు తెలియుటకు నాలుగు దినములు గడువిత్తుమే, వ్రేలెడు లేని ప్రాణికి గంటయైన నీయమా? భాగవతమున సత్యవ్రతుడు చేపపిల్లను కమండలువునుండి కుండలోనికిని, కుండనుండి కొలనిలోనికిని వెంటవెంట మార్చెను. అది భగవంతుడు గనుక సరిపోయినది!

మన సీమలో నేలక్రింద సున్నపురాయి మెండు. బేతంచెర్ల, బనగానపల్లెల నాపరాళ్లే సాక్షులు. బోరునీరు కాచిన గిన్నె యడుగున తెల్లని పొర కట్టుట మీరెఱుగుదురు. నియాన్ టెట్రా యన్ననో అమెజాన్ ప్రాంతపు మెత్తని నీట బుట్టిన జాతి. గప్పీ, మోలీలు మన నీటిని సహించును. క్రొత్తగా బెంచువారు వానినే కొనుట మేలని మా యభిప్రాయము. కుళాయినీరైనచో క్లోరిన్ మొప్పలను గాల్చును. అంగడిలో దొరకు థయోసల్ఫేట్ చుక్కలు ముందే కలుపవలయును. తొట్టియు నాడే కొన్నది కారాదు. మలినమును హరించు సూక్ష్మజీవులు అందు నెలకొనుటకు గొన్ని వారములు పట్టును.

సంచిని విప్పక, దీపమార్పి, తొట్టిలో నిరువది నిమిషములు తేలనిడుడు; వేడిమి సమమగును. పిదప చేపలను సంచినీటితోడనే గిన్నెలోనికి మార్చి, తొట్టినీటిని సన్నని గొట్టముతో సెకనుకు రెండు మూడు బొట్లుగా వదలుడు. అరలీటరు లీటరగుటకు సుమారు గంట పట్టును. బొట్లు లెక్కించు పని పిల్లలకొప్పగించిన మఱియు మంచిది; వారు కదలరు.

పార్సెలులో రెండు మూడు దినములు వచ్చిన చేపలకు మాత్ర మీ పద్ధతి పనికిరాదు. మూసిన సంచిలో వాని యూపిరివలన బొగ్గుపులుసు వాయువు పెరిగి నీరు పులుపెక్కును. అంతవఱకు విసర్జనమునందలి అమ్మోనియా యంతగా బాధింపదు. సంచి విప్పగానే యా వాయువు వెడలి, పులుపు తగ్గి, అమ్మోనియా విషమగును. అట్టివానిని వేడిమి సరిచేసి వెంటనే మార్చవలయును. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు గంట ప్రయాణము. ఆ భయము లేదు.

చేపలను చిన్నవలతో దీసి విడువుడు. సంచినీటిని తొట్టిలో బోయకుడు. అందు అంగడి రోగములుండవచ్చును. పిల్లవా డెంత బతిమాలినను ఆ దినము మేత వేయనీయకుడు.