జంతుప్రదర్శనశాలలో మన ప్రవర్తనము

హైదరాబాదునందు మీర్ ఆలం చెరువుచెంత 1963వ సంవత్సరమున తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సెలవుదినములలో కుటుంబములు తండోపతండములుగ పోవుచుండును. అచ్చటి సింహముల సఫారీలో మృగములు ఆరుబయట తిరుగును. మనుష్యులే యినుపజాలము గల బండిలో కూర్చుండి చూతురు. ఈ యేర్పాటు మంచిదే. బండిలోని మనవారి ప్రవర్తనము మాత్రము సిగ్గుచేటుగ నున్నది.

సింహము దినమునకు 20 గంటలవఱకును విశ్రమించు జంతువు. చెట్టునీడను పండుకొనియుండుట దాని స్వభావము. చదువుకొన్న తండ్రి యీ సంగతి బిడ్డకు చెప్పుటకు మాఱుగా, "దీని నిద్ర చూచుటకా టికెట్టు కొన్నది?" అని జాలముపై బాదును, ఈల వేయును. తల్లి నవ్వును. బిడ్డడును బాదుట నేర్చును.

జంతుప్రదర్శనశాలలో మృగముల నేడిపించుటయు, కేకలతో కలవరపెట్టుటయు, వానికి తినుబండారములు పెట్టుటయు కూడదని 1991వ సంవత్సరపు సవరణముచే వన్యప్రాణి సంరక్షణచట్టము నిషేధించినది. అయినను ప్రతి బండిలో నొక భటుని కూర్చుండబెట్ట శక్యమా? ఇంట లేని మర్యాదను చట్టము తేగలదా?

"పిల్లల సరదాకు ఇంత రాద్ధాంతమేల?" అని కొందఱందురు. అయ్యా, రూపాయలిచ్చితిమి గనుక నొక ప్రాణి మనకొఱకు లేచి యాడవలెనని నేర్చిన బిడ్డడు, జీతమిచ్చుచున్నాము గదా యని రేపు పనిమనిషిని నడురేయి లేపడా?

నిద్రించు సింహమును జూచి, "నాన్నా, మెల్లగా మాటాడుము" అని బిడ్డ తానై చెప్పిననాడే ఆ విహారము సార్థకము. తక్కినదెల్ల డబ్బిచ్చి మొఱకుతనము నేర్పించుటయే.