గీత దాటిన బంతి

మా మంచిర్యాలలో పక్కింటి కుర్రవాడు నాకు శిష్యుడు; వాళ్ళ నాన్నకు సింగరేణిలో పని. 2024 జూన్ 11 రాత్రి ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. దోహాలో మనవాళ్ళకూ ఖతర్‌కూ ప్రపంచకప్ అర్హత పోటీ. మనం ఒక గోలు ముందున్నాం. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి పోయింది. ఖతర్ ఆటగాడొకడు దాన్ని లోపలికి లాగితే, ఇంకొకడు కొట్టాడు. రిఫరీ గోలన్నాడు! ఆ ఆటకు వీడియో రిఫరీ లేడు. 2-1తో ఓడాం.

"వీడియో ఉంటే బతికిపోయేవాళ్ళం సార్!" అని కుర్రవాడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఉన్నచోట ఊరుకున్నారా? అదే ఖతర్‌లో 2022 డిసెంబర్ 1న జపాన్, స్పెయిన్ ఆడాయి. బంతి బయటికి పోయిందని చూసినవాళ్ళు ఒట్టేశారు. వీడియో చూసినవారు గోలన్నారు. జపాన్ గెలవడంతో జర్మనీ ఇంటిముఖం పట్టింది. తీర్పు సరైనదే, బంతి అంచు గీతమీదే ఉందని చూపే చిత్రం మాత్రం ఆ తర్వాత గాని బయటికి రాలేదు. ఈలోగా అనుమానం ఊరంతా తిరిగివచ్చింది.

పేపర్లు దిద్దేవాణ్ణి, నాకిది కొత్త కాదు లెండి. ఒకసారి ఈ కుర్రవాడే, మార్కులు వేయడంలో నాది పక్షపాతమన్నాడు. కూర్చోబెట్టి పేపరు చూపించాను. ఒకచోట రెండు మార్కులు కూడడం నేనే మరిచాను! కలిపాను. తక్కిన కొట్టివేతలకు అతడు నోరెత్తలేదు.

2023 మహిళల ప్రపంచకప్‌లో, తెర చూసి వచ్చిన రిఫరీలు తీర్పును మైకులో చెప్పారు. గదిలో జరిగిన తర్జనభర్జన మాత్రం మైదానంలో కూర్చున్నవాడికి వినబడలేదు.

ఇప్పుడు ఆట ఉన్నరోజు కుర్రవాడు గోడమీదుగా కేకేస్తాడు: "సార్, ఇయ్యాల పేపరు చూపిస్తరంటారా?"