డీజిల్ పన్ను ముందు పల్లె బస్సుకు తీసేయండి



చమురు ధరలపై మీ పత్రిక పేజీలో నడుస్తున్న చర్చ చదువుతున్నాను. పన్ను తగ్గించాలని కొందరు, ఇథనాల్ కలిపితే చాలని కొందరు, అందరూ కరెంటు బండ్లు కొనాలని ఇంకొందరు రాశారు. ఊళ్లకు ఆగిపోయిన బస్సుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆర్టీసీలో స్టీరింగు పట్టి రిటైరైనవాణ్ని కనుక ఆ మాట నేను రాస్తున్నాను.

డిపోలో కేఎంపీఎల్ అంటే డ్రైవర్‌కు పరువు. లీటరుకు ఎవరు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారో పేర్లతో సహా బోర్డు మీద రాసేవారు. స్టేజీ ఇంకా దూరంలో ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బండిని ఆ ఊపులోనే పోనిచ్చి డీజిల్ మిగిల్చేవాళ్లం. బస్సు లీటరుకు సుమారు 5 కిలోమీటర్లు ఇస్తుంది. 50 మంది ఎక్కితే ఒక్క లీటరుతో, మనిషికి 5 చొప్పున, 250 కిలోమీటర్ల ప్రయాణం జరిగినట్టు. బైకు లీటరుకు 50 ఇచ్చినా, ఒక్కడే పోతే ఆ 50తోనే సరి. మన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి వస్తున్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఇప్పటికే కలుస్తోంది. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. దాని కోసం చెరకు, మక్కలు, బియ్యం పోస్తున్నాం. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024లో జనం రోడ్డెక్కారు. నీళ్ల గురించి, పొలాల గురించి వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం.

పన్ను అందరికీ ఒకేలా తగ్గిస్తే ఎక్కువ కాల్చేవాడికే ఎక్కువ మిగులుతుంది. తెలంగాణలో డీజిల్‌పై వ్యాట్ 27 శాతం. ఆర్టీసీ కూడా ఆ భారం మోస్తోంది. 2022లో ఆర్టీసీ టోకుగా కొనే బల్క్ డీజిల్ ధర బంకు ధరను మించిపోతే ఆర్టీసీ బస్సులు బయటి బంకుల దగ్గర బారులు తీరాయి. ఆ ఏప్రిల్‌లోనే టికెట్ మీద డీజిల్ సెస్ పడింది. కట్టింది పల్లెవెలుగు బస్సు ఎక్కే కూలీలు, కాలేజీ పిల్లలు.

పల్లె రూట్లలో ఈపీకే, అంటే కిలోమీటరుకు రావాల్సిన రాబడి, రాదని, నష్టమని అధికారులంటారు. బస్సు ఆగిన ఊళ్లో ఇంటింటికీ కిస్తీల మీద బైకు వస్తోంది. డిపో లెక్కలో తగ్గిన నష్టం ఆ ఇళ్ల మీద పడుతోంది, దేశం కొనే చమురూ పెరుగుతోంది. బస్సు పెడితే జనం ఎక్కరన్న మాట కూడా నిలవదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక బస్సులు ఎలా కిక్కిరిశాయో అందరం చూశాం. కరెంటు బస్సులు మంచివే, రానివ్వండి. అవి మారుమూల ఊళ్లకు చేరేదాకా ఉన్న డీజిల్ బస్సునైనా నడపాలి కదా!

ఆర్టీసీ కొనే డీజిల్‌కు రాష్ట్ర ప్రభుత్వం వ్యాట్ పూర్తిగా తీసేయాలి. కొన్నేళ్లుగా రద్దయిన ట్రిప్పులు, నైట్ హాల్టుల జాబితాను ప్రతి డిపో గ్రామసభల ముందు పెట్టాలి. వ్యాట్ తీసేస్తే మిగిలే సొమ్ము ఆ రూట్లకే, పొద్దున కాలేజీ వేళకూ సాయంత్రం కూలీలు తిరిగొచ్చే వేళకూ బస్సు నడపడానికే ఖర్చు చేయాలని ఉత్తర్వులోనే రాయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
సూర్యాపేట జిల్లా