రాత్రిని లెక్కపెట్టని మొక్క

దసరా దాటిందంటే చామంతికి తొందర. నిన్నటిదాకా ఉత్త ఆకులతో నిలబడ్డ మొక్క మొగ్గ తొడుగుతుంది. దానికి క్యాలెండరు చూపించిందెవరు? రాత్రి! చీకటి ఎంతసేపుందో మొక్క కొలుచుకుంటుంది. చీకటి పెరిగితే పూస్తుంది. అందుకే పూత ఆలస్యం కావాలనుకున్న రైతులు తోటలో రాత్రిళ్లు బల్బులు వెలిగించి దాన్ని ఏమారుస్తారు.

గంజాయిదీ ఇదే పద్ధతి. ఉలిక్కిపడకండి! మన దగ్గర 1985 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే. ఇక్కడ సంగతి మత్తు కాదు, గింజ. మత్తు నామమాత్రంగా ఉండే హెంప్ రకాలను చాలా దేశాల్లో నూనెగింజ పంటగా వేస్తారు.

ఫిన్లాండ్‌లో దీనికో చిక్కుంది. అక్కడ జూన్‌లో రాత్రి అంటూ సరిగ్గా ఉండదు. మొక్క ఏపుగా పెరుగుతూనే ఉంటుంది. చీకటి పెరిగి, పూత వచ్చి, గింజ గట్టిపడేలోగా మంచు కాటేస్తుంది. ఏడాది కష్టం మట్టిపాలు.

దారి రష్యా వైపు నుంచి దొరికింది. 1924లో యానిషెవ్‌స్కీ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ పిచ్చిగా మొలిచే పొట్టి గంజాయికి 'రుడెరాలిస్' అని పేరుపెట్టాడు. పాడుబడ్డ చోట పెరిగేదని అర్థం. ఈ తరహా మొక్కలు రాత్రిని పట్టించుకోవు. మొలిచిన నెలకల్లా, వయసొచ్చిందని పూసేస్తాయి. 1990లలో ఫిన్లాండ్‌లో తయారైన 'ఫినోలా' అనే హెంప్ రకానికి మూలం రష్యాలోని వావిలోవ్ సంస్థ గింజలే. అన్నట్టు, రెండో ప్రపంచయుద్ధంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడి వేళ ఆకలితో చనిపోతూ కూడా విత్తనాలు ముట్టని శాస్త్రవేత్తలు ఆ సంస్థవాళ్లే.

ఈ గుణాన్ని వేరే రకంలోకి తేవడం మాత్రం ఓపికతో కూడిన పని. పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో మెండెల్ బఠాణీలు గుర్తుండే ఉంటాయి. ఇదీ అంతే. గుణం అంతర్గతం. మామూలు మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అది దాక్కుంటుంది. రెండో తరంలో సుమారు నాలుగింట ఒకటి బయటపడుతుంది. వాటిని ఏరి, మళ్లీ కలిపి, మళ్లీ ఏరాలి. పైగా గంజాయి పుప్పొడి గాలికి ఎగురుతుంది. పక్క పొలంలో వేరే రకముంటే శ్రమంతా గల్లంతే. పోనీ మంచి మొక్కను కొమ్మలు నాటి కాపాడుకుందామా అంటే, ఆ కొమ్మా పూసి ముసలిదైపోతుంది.

ఇంతకీ చెడిందేమిటి? కొన్ని రకాల్లో రోజు పొడవును పసిగట్టే ఒక జన్యువు దెబ్బతిందని ఇటీవల తేలింది. మన జొన్నలోనూ దాని దాయాది ఉంది. అది పనిచేయని రకాల వల్లే జొన్న అమెరికాలోని పొడవాటి వేసవి పగళ్లలోనూ సకాలంలో వెన్ను వేయగలిగింది.

అయితే తొందరకో ఖరీదుంది. మామూలు రకం లేత దశలో ముంపుకో చలికో గిడసబారితే, కోలుకుని ఎదిగాక పూస్తుంది. ఇది ఆగదు. జానెడున్నా సరే, నెల తిరగ్గానే పూస్తుంది.